లిల్లీ దుబ్బును విడదీసిన ఏడాది

మా పక్కింటివాళ్ళు ప్రహరీ గోడ జరిపి కట్టిస్తున్నారు. పోయిన వారం ఆ ఇంటి కోడలు మా గుమ్మం దగ్గరికి వచ్చి, "ఆంటీ, గోడ వారన లిల్లీ దుబ్బుంది కదండీ. మేస్త్రీ పీకి అవతల పారేస్తానంటున్నాడు. మా అత్తగారు ఎప్పటినుంచో పెంచుకుంటున్నారండీ. తీసి ఇంకో చోట పెడితే బతుకుద్దంటారా?" అని అడిగింది. ఆ అమ్మాయి గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. నాకు చెట్ల సంగతి తెలుసని ఆమెకెవరు చెప్పారో. గుడివాడలో ఈ వీధికి వచ్చి పదేళ్ళు దాటినా నేను కుండీలో కరివేపాకు మొక్క కూడా పెట్టలేదు.

బతుకుతుందని చెప్పాను. ముందురోజు సాయంత్రం బాగా నీళ్ళు పోయించమన్నాను. మర్నాడు పొద్దున్నే వాళ్ళ వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. ఇప్పుడు నా మోకాళ్ళు వంగవు కాబట్టి నోటితోనే చేయించాలి. ఆకుల్ని పైకి పోగుచేయించి తాడుతో కట్టించాను. మొదట్లో కాదు, జానెడు దూరంలో చుట్టూ తవ్వమన్నాను. కూలీ మనిషి గునపం దించి బలంగా ఎత్తేసరికి దుబ్బు మట్టితో సహా ఓ పక్కకి ఒరిగింది. ఎక్కడో ఒక గడ్డ తెగింది. పచ్చి ఉల్లిపాయకీ లేత దోసకాయకీ మధ్యగా ఉండే ఆ వాసన నా ముక్కుకి తగిలింది. "ఇంకా లోతుకి తవ్వాలాండీ?" అని ఆ అమ్మాయి రెండోసారి అడిగేదాకా నేను ఆ వాకిట్లో లేను.

అమ్మ పోయేనాటికి నాకు ఏడేళ్ళు. నాన్న దివిసీమలో ఒక కాలవ లాకుల దగ్గర పనిచేసేవాడు. వడ్ల పడవలూ గడ్డి పడవలూ వచ్చినప్పుడు తలుపులు తిప్పి వాటిని కిందికో మీదికో దాటించడం ఆయన పని. లాకుల పక్కనే మా ఇల్లు. చుట్టుపక్కల ఇంకో ఇల్లు లేదు. అమ్మని సమాధి చేసిన వారం రోజులకి బందరు నుంచి మా మేనత్త వచ్చింది.

"దీన్ని నాతో తీసుకెళ్తాను తమ్ముడూ. అక్కడ బడి ఉంది. ఇక్కడ నువ్వు తలుపులు తిప్పుతావా, దీనికి జడ వేస్తావా?" అంది.

నాన్న కాలవకేసి చూస్తూ తలూపాడు. నన్నెవరూ అడగలేదు. ఆ రోజుల్లో పిల్లల్ని అడగడమనేది లేదు. నాకున్న రెండు గౌన్లూ ఒక సంచిలో పెట్టుకుని అత్త వెనకాలే బస్సెక్కాను.

అత్త పెళ్ళి చేసుకోలేదు. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఎప్పుడో మిషనువాళ్ళు కట్టిన కాంపౌండులో పెంకుటిళ్ళ వరసలో చివరిది ఆవిడ ఇల్లు. ఆ ఇంట్లోకి అడుగుపెడితే ముందు కార్బాలిక్ సబ్బు వాసన వచ్చేది, ఆ తర్వాత గంజిపెట్టి ఆరేసిన తెల్ల చీరల వాసన. సాయంత్రం గాలి సముద్రం వైపు నుంచి తిరిగితే ఎండుచేపల వాసన కూడా వాటితో కలిసేది. రోగులు నిద్రలేస్తారని ముప్పయ్యేళ్ళు గొంతు తగ్గించి మాట్లాడిన మనిషి కావడం వల్లనేమో, ఇంట్లోనూ ఆవిడ మాట వినపడేది కాదు. కంచంలో అన్నం పెట్టి, పక్కన చెంబుతో నీళ్ళు పెట్టి, వరండాలోకి వెళ్ళిపోయేది. నేను ఒక్కదాన్నే తినేదాన్ని. మా అమ్మ నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. అన్నం నమిలే చప్పుడు నా చెవులకి వినపడటం ఆ ఇంట్లోనే మొదలు.

అత్త మాట్లాడేది చెట్లతోనేమో అనుకునేదాన్ని. వాకిట్లో కనకాంబరాలు, మెట్టతామరలు, గోడ వారన ఒక పెద్ద లిల్లీ దుబ్బు ఉండేవి. దండల్లో గుచ్చే సన్న లిల్లీ కాదిది. ఆకులు బారెడు పొడుగు, గడ్డ ఒక్కొక్కటీ చిన్న కొబ్బరికాయంత. అత్త ఉద్యోగంలో చేరిన ఏడాది ఒక్క గడ్డ పెట్టిందట. నేను వెళ్ళేసరికి అది బండి చక్రమంత వెడల్పు పాకి, ముప్పయ్యో నలభయ్యో గడ్డలతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంది. బందరులో బావి నీళ్ళు ఉప్పన. అందుకని బియ్యం కడిగిన నీళ్ళూ కూరలు కడిగిన నీళ్ళూ ఒక బక్కెట్లో పోగుచేసి సాయంత్రం దానికి పోసేవాళ్ళం. ఈస్టరు ఆదివారం గుడిలో బల్ల మీద పెట్టే తెల్లపూలు మా వాకిట్లోవే. ఆ ఒక్క పొద్దున మాత్రం అత్త నడకలో కొంచెం గర్వం కనపడేది.

ఆ ఆకుల కోసం వచ్చే మనిషి బూబమ్మ. వెనక సందులో ఉండేది. వాళ్ళాయన పెడన అద్దకాలవాళ్ళకి టేకు చెక్క మీద అచ్చులు చెక్కేవాడు. బూబమ్మకి మోకాళ్ళ వాపు. లిల్లీ ఆకుకి ఆముదం రాసి వెచ్చచేసి కట్టుకుంటే తగ్గుతుందని ఆవిడ నమ్మకం.

"ఆకు కడితే వాపు తగ్గదు బూబమ్మా. ఆసుపత్రికి రా, డాక్టరుగారికి చూపిస్తాను" అనేది అత్త.

"మీరు చెప్పింది నిజమే సిస్టరమ్మా. ఓ రెండాకులివ్వండి" అనేది బూబమ్మ.

అత్త విసుక్కుంటూనే ఆకులు కోసి, తనే ఆముదం రాసి, కుంపటి మీద వెచ్చచేసి కట్టుకట్టేది. బూబమ్మ ఊరి కబుర్లన్నీ చెబుతూ కూర్చునేది. ఆవిడ వచ్చిన రోజు ఇంట్లో మనుషులున్నట్టుండేది. ఆవిడ లేచి వెళ్ళిపోగానే గోడ గడియారం చప్పుడు మళ్ళీ మొదలయ్యేది.

నాన్న నెలకోసారి వచ్చేవాడు. వేసవిలో ముంజలు, చలికాలంలో తేగలు తెచ్చేవాడు. వరండాలో అత్తతో కాసేపు కూర్చుని, నా తల మీద చెయ్యి వేసి, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయేవాడు. మూడు నెలలకి నేను గేటు దాకా వెళ్ళడం మానేశాను.

కాంపౌండులో పిల్లలు ఉండేవాళ్ళు. చీకటి పడేసరికి ఒక్కొక్కర్నీ వాళ్ళ అమ్మ పేరుపెట్టి పిలిచేది. నన్నెవరూ పిలిచేవాళ్ళు కాదు. నేనే వచ్చేసేదాన్ని. అప్పుడే చీటీలు రాయడం మొదలుపెట్టాను. అత్త దగ్గర ఖాళీ ఇంజక్షన్ సీసాలు, రబ్బరు మూతలవి, ఒక అట్టపెట్టె నిండా ఉండేవి. నోటుబుక్కులో సన్నగా చించిన కాగితం మీద అమ్మకి రెండు మూడు ముక్కలు రాసి, చుట్టచుట్టి సీసాలో పెట్టి, మూత బిగించి, వరండా వైపు లిల్లీ మొదట్లో పాతేదాన్ని. అమ్మ మట్టిలో ఉంది కాబట్టి మట్టిలో వేస్తే చేరుతుందని నా లెక్క. "అమ్మా, అత్త నాతో మాట్లాడదు." "అమ్మా, నాకిక్కడ బాగోలేదు. నాన్న దగ్గరికి తీసుకెళ్ళిపో." ఇంచుమించు అన్నిట్లోనూ అదే.

రెండో ఏడు నుంచి కొంచెం మారింది. ఎందుకు మారిందో ఇప్పుడు ఆలోచిస్తే రెండు సంగతులు గుర్తొస్తాయి. అత్త దగ్గర వైద్యం చేయించుకున్నవాళ్ళెవరో బందరు లడ్లు ఒక డబ్బా నిండా తెచ్చిపెట్టారు. చుట్టాలొస్తే పెట్టాలని అత్త దాచింది. నేను రోజూ ఒక్కో లడ్డు నుంచి గోటితో కాస్త గిల్లి, మళ్ళీ గుండ్రంగా నొక్కి పెట్టేసేదాన్ని. లెక్క తగ్గదు కదా. వారం తర్వాత అత్త డబ్బా మూత తీసి చాలాసేపు చూసింది. "పాపం, లడ్లు చిక్కిపోతున్నాయి. ఏం బెంగో" అంది. అని మూత పెట్టి వెళ్ళిపోయింది. నేను వంటింట్లో తలుపు వెనక నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆ ఇంట్లో నేను నవ్వడం అదే మొదటిసారి.

రెండోది జ్వరం. అత్త రెండు రోజులు మంచం దిగలేదు. నేను బడి మానేసి గంజి కాశాను. ఉప్పు వేశానో లేదో గుర్తులేక రెండుసార్లు వేశాను. అత్త లేచి కూర్చుని గిన్నెడూ తాగి, "ఉప్పు సరిపోయింది" అంది. మిగిలిన గంజి నేను నోట్లో పెట్టుకుంటే మింగలేకపోయాను. ఆ సాయంత్రం అత్త తన మంచం మీద కొంచెం జరిగి, "ఇక్కడ పడుకో" అంది. జ్వరం తగ్గాక కూడా నన్ను నా చాప మీదికి పొమ్మనలేదు.

ఆ తర్వాత కూడా చీటీలు రాశాను. వరండా వైపు మట్టి గట్టిపడి తవ్వడం కష్టమై, గోడ వైపు పాతాను. "అమ్మా, అత్తకి నయమైంది." "అమ్మా, నాన్న రమ్మన్నా నేను వెళ్ళను. అత్త ఒక్కతే ఉంటుంది." అలాంటివి ఓ నాలుగో అయిదో ఉంటాయి.

మూడో ఏడు ఈస్టరుకి మా దుబ్బు రెండే రెండు కాడలు వేసింది. గుడి బల్ల మీదికి బజారు నుంచి బంతిపూలు తెచ్చారు. అత్త ఇంటికొచ్చి చీర అయినా మార్చుకోకుండా దుబ్బు ముందు నిలబడింది.

"ఇరుకైపోయింది. గడ్డకి ఊపిరాడితేగా పూసేది. తొలకరి పడ్డాక సగం తీసేయాలి" అంది.

నా సీసాలన్నీ ఆ మట్టిలోనే ఉన్నాయి.

ఆ వేసవిలో నాన్న దగ్గర్నుంచి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. అత్త చదివి బైబిలు కింద పెట్టేది. అప్పటికప్పుడే జవాబు రాసి, తనే వెళ్ళి పోస్టు డబ్బాలో వేసి వచ్చేది. అందులో ఏముందో నన్ను అడగనివ్వని ముఖం పెట్టేది. నా ధ్యాసంతా సీసాల మీదే. అత్త కళ్ళు చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళినరోజు అట్లకాడ పట్టుకుని వరండా వైపు తవ్వాను. గడ్డలు పెరిగి సీసాల్ని ఎటు నెట్టేశాయో, ఒక్కటే దొరికింది. అది కూడా అట్లకాడ తగిలి పగిలింది. ఇంతలో గేటు చప్పుడైంది. మట్టి పూడ్చేశాను.

మృగశిర కార్తెలో రెండు మంచి వానలు పడ్డాయి. అత్త పాత చీర దోపుకుని గునపం తీసింది. బూబమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆకుల్ని సగానికి కోసి, తాడుతో కట్టి, వరండా వైపు నుంచి తవ్వడం మొదలుపెట్టాం.

"మొత్తం తీసేయండి సిస్టరమ్మా, ఒక పని అయిపోద్ది" అంది బూబమ్మ.

"మొత్తం కదపకూడదు. సగం ఉన్నచోటే ఉండాలి. కదిపినదానికి ఎలాగూ ఓ ఏడాది బెంగ తప్పదు. రెండిటికీ బెంగ ఎందుకు?" అంది అత్త.

గునపం మీద ఇద్దరం బరువేశాం. సగం దుబ్బు చిరుగుతున్న చప్పుడుతో పైకి లేచింది. వేళ్ళ మధ్యనుంచి ఒక సీసా జారి అత్త కాలి దగ్గర పడింది. ఆవిడ వంగి తీసింది. పైటకొంగుతో తుడిచి వెలుతురుకి పెట్టి చూసింది. లోపలి కాగితం చుట్ట నాకు అంత దూరం నుంచీ కనపడుతోంది. అత్త నాకేసి చూడలేదు. సీసా బొడ్లో దోపుకుని, గడ్డలు విడదీయడానికి కూర్చుంది. ఇంకోటి దొరికింది. అదీ దోపుకుంది. అలా ఏడు సీసాలు.

"ఏంటవి?" అంది బూబమ్మ.

"పాత మందు సీసాలు" అంది అత్త.

గడ్డల్ని చేత్తో వేరుచేసి, తెగినచోట బూడిద రాసి, నీడన ఆరబెట్టాం. నేను తల ఎత్తలేదు. గోడ వైపు సగం కదలకుండా అలాగే ఉంది. అటు కూడా తవ్వమని చెబుదామనుకున్నాను. చెబితే ఎందుకని అడుగుతుంది. చెప్పలేకపోయాను.

సాయంత్రం చూస్తే సీసాలన్నీ శుభ్రంగా కడిగి కిటికీలో బోర్లించి ఉన్నాయి. చీటీలు లేవు. అత్త కంచంలో అన్నం పెట్టి, ఆ వేళ నా ఎదురుగా కూర్చుంది. అంతకుముందు ఎప్పుడూ అలా కూర్చోలేదు.

"మీ నాన్నకి ఉత్తరం రాశాను. వచ్చే ఆదివారం వస్తాడు" అంది.

"ఎందుకత్తా?"

"నిన్ను తీసుకెళ్ళడానికి. మీ నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ అమ్మాయి నెమ్మదస్తురాలని విన్నాను. ఇంట్లో మాట్లాడే మనిషుంటుంది నీకు."

చీటీలు చదివి ఆవిడకి కోపం వచ్చిందనీ, అందుకే పంపించేస్తోందనీ అనుకున్నాను. తప్పు చేసినదాన్ని ఉండనివ్వమని ఎలా అడుగుతాను? "సరే" అన్నాను. అత్త కాసేపు చూసి, "మజ్జిగ పోసుకో" అని లేచింది.

ఆదివారం నాన్న వచ్చాడు. అత్త నా బట్టలన్నీ ఇస్త్రీ చేసి పెట్టింది. గోనెసంచిలో మూడు లిల్లీ గడ్డలు చుట్టి నా చేతికిచ్చింది. మిగతావి అప్పటికే గుడికీ బూబమ్మకీ పంచేసింది. బస్సు దగ్గరికి రాలేదు. మోకాలు నొప్పిగా ఉందని చెప్పింది. ఆవిడకి మోకాలి నొప్పి ఉందని అంతకుముందు నేను వినలేదు.

లాకుల దగ్గర ఇల్లు అలాగే ఉంది. అమ్మ ఉట్టి ఉన్నచోట కొత్త ఉట్టి కట్టి ఉంది. పిన్ని మంచి మనిషే. నాకు జడ వేసేటప్పుడు నొప్పి పుడుతోందా అని పదిసార్లు అడిగేది. ఆవిడకి నా భయం, నాకు ఆవిడ భయం. నాన్న మా ఇద్దరి మధ్యా ఉండలేక ఎక్కువసేపు లాకుల మీదే గడిపేవాడు. నేను పడవలు చూస్తూ గట్టు మీద కూర్చునేదాన్ని. తలుపులు మూసి నీళ్ళు నిండేదాకా పడవ ఆగేది. అందులో వాళ్ళు వంట చేసుకుంటూ నాతో రెండు మాటలు మాట్లాడేవాళ్ళు. నీళ్ళు నిండగానే వెళ్ళిపోయేవాళ్ళు.

గడ్డల్ని ఇంటి ముందు పాతాను. గాలికి పడిపోతాయేమోనని లోతుగా గొయ్యి తీసి, ఆకులు మొలిచే చోటు దాకా మట్టి కప్పాను. నల్లరేగడి. వానలకి నీళ్ళు నిలిచి, ఆకులు పసుపుపచ్చగా అయిపోయాయి.

వానాకాలం చివర్లో ఒకరోజు అత్త చెప్పకుండా వచ్చింది. అవనిగడ్డలో ఎవరినో చూడటానికొచ్చి, పనిలోపనిగా వచ్చానంది. పిన్ని కంగారుపడి, "కూర్చోండి వదినగారూ, టీ పెడతాను" అని లోపలికి వెళ్ళింది. అత్త కూర్చోలేదు. నేరుగా గడ్డల దగ్గరికి వెళ్ళి, చీర ఎగదోపుకుని గొంతుకూర్చుంది.

"ఇంత లోతునా పాతేది? మెడ దాకా పూడిస్తే ఊపిరాడుద్దా?" అంది.

ఇద్దరం కలిసి మూడు గడ్డల్నీ పైకి తీశాం. ఒకటి కుళ్ళిపోయింది. మిగతా రెండిటికీ మెత్తబడ్డ పొరలు వలిచేసి, కాలవ గట్టు నుంచి ఇసుక తెచ్చి గోతిలో వేసి, మెడలు పైకి ఉండేలా పెట్టింది. మట్టి అదుముతూ, తల ఎత్తకుండా, "ఇక్కడ బాగుందా నీకు?" అని అడిగింది.

లోపల టీ గ్లాసుల చప్పుడు వినపడుతోంది. పిన్ని వింటుందేమోనని భయం. అది ఒక్కటే అయితే మెల్లగా చెప్పొచ్చు. నన్ను పంపించేసింది కదా అనే కోపం కూడా ఉంది నాలో.

"బాగుందత్తా" అన్నాను.

అత్త తలూపి, చేతులు కడుక్కుంది. టీ తాగింది. నాలుగు గంటల బస్సుకి వెళ్ళిపోయింది. నేను బాట దాకా వెళ్ళాను. చీకటి పడ్డాక పిన్ని అన్నానికి పిలిస్తే వచ్చి తిన్నాను.

ఆ తర్వాత అత్తని చాలాసార్లు చూశాను. క్రిస్మస్‌కి వెళ్ళేవాళ్ళం. నా మార్కుల గురించీ, తన కళ్ళజోడు గురించీ, లిల్లీలు పూశాయా అనీ మాట్లాడుకునేవాళ్ళం. లాకుల దగ్గర దుబ్బు రెండేళ్ళకి పూసింది. ఆ మాట చెబితే, "బెంగ తీరిందన్నమాట" అంది. చీటీల సంగతి ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నేను టీచరు ట్రైనింగులో ఉండగా అత్త పోయింది. సమాధి దగ్గర్నుంచి ఇంటికొచ్చాక బూబమ్మ నా పక్కన కూర్చుంది. అప్పటికి బాగా ముసలిదైపోయింది.

"నిన్ను పంపను గాక పంపనని నాతో ఎన్నిసార్లందో. మీ నాన్న మూడు ఉత్తరాలు రాస్తే మూడిటికీ పంపనని జవాబిచ్చింది. 'ఇది నా పిల్ల బూబమ్మా' అంది. మళ్ళీ ఉన్నట్టుండి తనే పంపేసింది. ఎందుకమ్మా అంటే, 'దానికి ఇక్కడ బాగోలేదంట' అని లోపలికెళ్ళి తలుపేసుకుంది. నువ్వేమన్నా అన్నావా?"

నేను ఏమీ అనలేదని చెప్పాను. నిజానికి వరండా వైపు చీటీల్లో అన్నాను. వెళ్ళనని అన్నవి గోడ వైపు ఉండిపోయాయి. ఆ సగం అత్త ఎప్పుడూ కదపలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లోకి వచ్చినవాళ్ళు వాకిలంతా సిమెంటు చేయించారు. ఇప్పుడు ఆ పెంకుటిళ్ళే లేవు. లాకుల దగ్గరా పడవలు రావు.

మొన్న పక్కింటి దుబ్బుని కొత్త చోట పెట్టించి, మెడలు పైకి ఉన్నాయో లేదో చూసి ఇంటికొచ్చాను. వచ్చాక చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. ఇన్నేళ్ళలో బడిలో ఎందరో పిల్లల్ని బాగుందా, బాగోలేదా అని అడిగాను. బాగుందని తల దించుకుని చెప్పినవాళ్ళని ఇంకోసారి అడిగాను. అత్తకి అలా రెండోసారి అడగడం చేతకాలేదు. ఒక్కసారి అడగడానికే బందరు నుంచి బస్సెక్కి, రెండు బస్సులు మారి వచ్చింది. అవనిగడ్డలో ఆవిడకి తెలిసినవాళ్ళెవరూ లేరు. లేదత్తా, బాగోలేదు అంటే ఆ నాలుగు గంటల బస్సులోనే నన్ను తీసుకెళ్ళిపోయేది. నేను అనలేదు.